ఉష్‌... సీతాకోకచిలుక ఉప్పునీళ్లు తాగుతోంది!

తలకోన వెళ్లేవాళ్ల చూపంతా పైనే ఉంటుంది. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతాన్ని చూడ్డానికే కదా అంతదూరం వచ్చేది! కెమెరా మెడలో వేసుకొచ్చే కొందరు మాత్రం అక్కడిదాకా పోరు. వాగు ఒడ్డున తడి ఇసుకలో బోర్లా పడుకుని ఉంటారు. వాళ్లకు జానెడు దూరంలో, రెక్కలు ముడుచుకుని గుంపుగా వాలిన సీతాకోకచిలుకలు...

తిరుపతి నుంచి బాకరాపేట మీదుగా వెళ్తే శేషాచలం కొండల్లో ఉంటుందీ చోటు. వానలు వెనకపట్టి ఎండ కాసే రోజుల్లో వాగు పక్క చెమ్మనేల మీద వీటి సందడి చూడాలి. పూలలో తేనె దొరుకుతుంది కానీ ఉప్పు దొరకదు. దానికోసమే ఈ బురద విందు. విచిత్రం ఏంటంటే, వచ్చేవన్నీ దాదాపు మగవే. చాలా జాతుల్లో, జతకట్టేటప్పుడు ఆ ఉప్పు ఆడదానికి, దాన్నుంచి గుడ్లకూ చేరుతుంది. గుంపంతా ఒక్కసారిగా ఎగిరితే ఫొటో బావుంటుందని చప్పట్లు కొట్టేవాళ్లూ, గులకరాయి విసిరేవాళ్లూ చెడగొట్టేది దాన్నే.

మరి దగ్గరికి వెళ్లేదెలా? వాటి కళ్లు కదలికను ఇట్టే పసిగడతాయి. నిలబడి నడిచొస్తే అంతే సంగతులు. దూరం నుంచే మోకాళ్ల మీదికి దిగాలి. రెండు జానలు జరగడం, ఆగడం... మళ్లీ జరగడం. నీడ మాత్రం వాటిమీద అస్సలు పడకూడదు. రెక్కలు టపటపా తెరిచి మూయడం మొదలెడితే ఇక ముందుకెళ్లొద్దు. 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్‌ ఉంటే మరీ మీదికెళ్లే అవసరం రాదు. ముడిచిన రెక్కలకు సమాంతరంగా కెమెరా పెట్టి, అపెర్చర్‌ ఎఫ్‌8, ఎఫ్‌11 మధ్య ఉంచితే రెక్క మొత్తం స్పష్టంగా వస్తుంది.

పొద్దున్నే అయితే ఇంకా సులువు. ఒళ్లు వెచ్చబడేదాకా అవి సరిగా ఎగరలేవు, రెక్కలు పరిచి ఎండ కాగుతుంటాయి. అలాగని వేళ్లతో పట్టుకుని పువ్వు మీద కూర్చోబెట్టడం దారుణం. చేతికంటే పొడి మరేదో కాదు, రెక్కల మీది పొలుసులు. ఊడితే మళ్లీ రావు. కదలకుండా ఉంటుందని ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లూ ఉన్నారు. దాన్ని ఫొటోగ్రఫీ అనడానికి నోరు రాదు!

చేయి తిరగాలంటే తలకోన దాకా పోనక్కర్లేదు. జిల్లేడు పొద దగ్గర నల్ల అంచుల నారింజరంగు ప్లెయిన్‌ టైగర్‌ కనిపిస్తుంది. పెరట్లో కరివేపాకో నిమ్మచెట్టో ఉంటే కామన్‌ మార్మన్‌ వచ్చి గుడ్లు పెడుతుంది. చిన్నప్పుడు దాని పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, చూసి దులిపేయకండి. గూడు చీల్చుకుని బయటికొచ్చాక, ముడతలుపడ్డ రెక్కలు చాచుకుని ఆరబెట్టుకుంటూ చాలాసేపు అక్కడే వేలాడుతుంది. కొమ్మ కదపకుండా ఉంటే చాలు, కావల్సినన్ని ఫొటోలు!