సెకనుకి జానెడు

చీతా కాదట! ఒంటి పొడవుతో లెక్కేస్తే నేలమీద అందరికంటే జోరుగా పరుగెత్తేది దక్షిణ కాలిఫోర్నియాలో సైడ్‌వాక్ మీద తిరిగే ఓ ఎర్రటి నల్లి. మంచంలో కుట్టే రకం కాదు. ఎనిమిది కాళ్లు, సాలెపురుగుల వంశం. మన వంగాకుల్ని పీల్చే ఎర్రనల్లికీ, తొలకరికి మఖమల్ కట్టుకుని బయటికొచ్చే ఆరుద్ర పురుగుకీ దూరపు చుట్టం.

పొడవు మిల్లీమీటరు కూడా లేదు, 0.7. నువ్వుగింజ పక్కన పెడితే గింజే పెద్దది. అయినా సెకనుకి తన పొడవుకి 322 రెట్లు దూరం పోతుంది. అంటే జానెడు! చీతా పోయేది 16 రెట్లే. అంతకుముందు రికార్డు ఆస్ట్రేలియాలోని టైగర్ బీటిల్‌ది, 171. మనిషి ఈ లెక్కన పరుగెత్తితే హైదరాబాద్ నుంచి విజయవాడకి 8 నిమిషాలు. టోల్‌గేట్ దగ్గర ఆపేవాడెవడు?

దక్షిణ కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్ ఊళ్లో మిట్టమధ్యాహ్నం మోకాళ్ల మీద కూర్చుని దీన్ని చూశాను. సర్రున గీత గీసినట్టు పోతుంది, టక్కున ఆగుతుంది, ఆగినచోటే మలుపు తిరిగి మళ్లీ మాయం. ఫోన్ కెమెరాకి అందితే ఒట్టు. కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఆగి, ఏమైనా పడిపోయిందా అని అడిగారు. చూపించాను. ఆయనా వంగారు!

దీని పేరు పారాటార్సోటోమస్ మాక్రోపాల్పిస్. అది పలికేలోపు రెండు జానలు దాటేస్తుంది. శాస్త్రవేత్తల పుస్తకాల్లోకి 1916లోనే ఎక్కింది గానీ దాని పరుగు లోకానికి తెలిసింది 2014లో. జంతువు కాళ్లు ఎంత వేగంగా ఆడగలవు, కండరాల రసాయనం ఎక్కడ అడ్డుపడుతుంది అన్నది పొమోనా కాలేజీ ప్రొఫెసర్ జొనాథన్ రైట్ పరిశోధన. ఆయనతో కలిసి పిట్జర్ కాలేజీ విద్యార్థి శామ్యూల్ రూబిన్ హైస్పీడ్ కెమెరాతో దీన్ని పట్టాడు. కాళ్లు సెకనుకి 135 సార్లు దాకా ఆడతాయి! అదీ 60 డిగ్రీలకి కాలిన కాంక్రీటు మీద. రెంటచింతల ఎండల్లో పెరిగిన ప్రాణాలకైనా ఆ గచ్చు మీద అరచెయ్యి ఆనదు.

ఎర్రగా కనిపించిందల్లా ఇదే అనుకోకండి. వసంతంలో గోడల మీద పుప్పొడి తింటూ తిరిగే బలాస్టియం నల్లులు వేరు, వాటికింత తొందర లేదు. ఇది కావాలంటే ఎండ ముదిరాక వెళ్లండి. చెప్పులు మాత్రం మర్చిపోవద్దు.