తోటలు చూడబోయి

నాందేడు నుంచి దెగ్లూరు పోయే బస్సు ఎక్కనివారు మన సంఘపు కుటుంబాలలో ఉండరు. నర్సీ దాటిన తరువాత బాట పక్కన ఒక ముసలి చింతచెట్టు, దాని వెనుక 30 గుంటల రేగడి చేను మీ కంట పడే ఉంటుంది. అంతగా చూడదగ్గ చేను కాదు గనుక గుర్తుండదు. అది మా బాపు కొన్న నేల. బాపు సర్కారు కొలువులో ఉండగానే పోయినాడు. ఆయన కొలువు నాకు వచ్చింది, నా మెట్రిక్ చదువుకు తగినట్టు గుమాస్తా పనిగా. చేను మాత్రం హైదరాబాదులో ఉన్న మా అన్నకూ నాకూ కలిపి వచ్చింది.

బాట వెడల్పు చేసినాక ఆ నేలకు గిరాకీ పుట్టింది. ధాబా పెడతామని ఒకరు అన్న చుట్టూ తిరుగుతున్నారు. నేనేమో అక్కడ పండ్లచెట్లు పెంచుతానని పంతం పట్టి రెండేండ్లలో 64 మొక్కలు నాటినాను. బతికినవి 11. దఫ్తరు అలవాటు చొప్పున ప్రతి మొక్కకు ఒక రిజిస్టరు పెట్టినాను: పేరు, నాటిన తేదీ, పోయిన తేదీ. పోయిన ఏటి దసరాకు అన్న వచ్చి ఆ రిజిస్టరు తిరగేసి, “నీవు నాటుతవు, అవి చస్తయి. ఇంకెన్నాళ్లు చెల్లె? వచ్చే దసరాదాకా చూస్తా, ఆ మీద సంతకం పెట్టు” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నట్టయితే నేను పోట్లాడి ఉందును.

అప్పుడు నాకు తోచినదేమంటే, నేను ఎన్నడూ ఇంకొకరి తోట సరిగా చూడనే లేదని. పుస్తకం చదివి, నర్సరీవాడు చెప్పినది విని నాటినాను. వంట నేర్వాలంటే పక్కింటి పొయ్యి దగ్గర నిలబడతాము గదా, తోటకు ఆ బుద్ధి ఎందుకు పుట్టలేదో.

నేను పెంచదలచినదానిని ఆహారవనం అంటున్నారు. అడవిలో పెద్దచెట్టు కింద చిన్నచెట్టు, దాని కింద పొద, పొద కింద దుంప, వీటన్నిటిమీద పాకే తీగ ఎట్లా ఉంటాయో, అట్లాగే తినే మొక్కలను అంతస్తులుగా పెంచడం. టాస్మేనియా ద్వీపంలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు 1978లో ఒక పుస్తకం రాసి దీనికి పర్మాకల్చర్ అని పేరు పెట్టినారు. పేరు వారిదే గాని పని వారిది మాత్రమే కాదు. కేరళ పెరళ్లు, జావా పెరళ్లు ఎంతకాలంగానో అట్లాగే ఉన్నవి. మన అమ్మమ్మల పెరట్లో మునగచెట్టుకు చిక్కుడు తీగ పాకి, మొదట్లో చేమ, పక్కన కరివేపాకు ఉండేది కాదా? మాలిసన్ దొర 1987లో మన దేశానికి వచ్చి పాఠాలు చెప్పినాడు. ఆ విత్తు మొలిచిన చోట్లలో జహీరాబాదు సీమ ఒకటి. ఆ కథ తరువాత చెబుతాను.

ముందు దగ్గరిదే చూద్దామని కార్తీకమాసంలో ఒక ఆదివారం అర్ధాపురం పోయినాను. అర్ధాపురం అరటి మనందరం తిన్నదే. అక్కడ పింఛను పుచ్చుకొన్న ఒక మరాఠీ పెద్దమనిషి, అమరావతి సీమకు చెందిన సుభాష్ పాలేకర్ గారి పద్ధతిలో రెండెకరాల అయిదంతస్తుల తోట పెంచినారు. మామిడి, మునగ, అరటి, వాటి నీడలో పసుపు, కంద. లోపలికి అడుగు పెడితే మధ్యాహ్నం సాయంత్రమైనట్టుంది. ఆయన ఆవుపేడ పది కిలోలు, ఆవు పంచితం, బెల్లం రెండు కిలోలు, పప్పుపిండి రెండు కిలోలు, గుప్పెడు గట్టుమట్టి రెండు వందల లీటర్ల నీళ్లలో కలిపి జీవామృతం చేసే విధం చూపినారు. అన్నీ రాసుకొన్నాను. ఆకుపచ్చదనం చూచి అసూయ కూడా కలిగింది, దాచడమెందుకు.

బయలుదేరబోతూ, మీ తోటలో చచ్చిన మొక్కలెన్ని అని అడిగినాను. నా రిజిస్టరు బాధ నాది. ఆయన నవ్వి తోట చివరకు తీసుకుపోయి ఒక ఖాళీ వరుస చూపినారు. అక్కడ బొప్పాయి నాటితే వానాకాలంలో మొదలు కుళ్లి వరుసంతా పడిపోయిందట. ఇప్పుడు మట్టి ఎత్తుచేసి దిబ్బమీద నాటుతున్నారు. నేను విన్నాను గాని మనసుకు పట్టించుకోలేదు. ఇసాపూర్ కాలువ నీరున్న ఆయనకు కుళ్లు బాధ. బావి ఎండిన చేనుదాన్ని, నాకు కుళ్లేమిటి అనుకొన్నాను. ఆయన మరొక మాట కూడా అన్నారు. “తాయీ, కార్తీకంలో ప్రతి తోటా అందమైనదే. నేర్చుకోవాలంటే వైశాఖంలో పోయి చూడండి.” తాయీ అంటే మరాఠీలో అక్క అని మీకు చెప్పనక్కరలేదు.

మధ్యలో ఇంకొక తోట కూడా చూచినాను. దాని ఊరు, పేరు వద్దు. చెట్లకన్న బోర్డులు ఎక్కువగా ఉన్నవి.

వైశాఖంలో రెండు రోజులు సెలవు పెట్టి, మా చిన్నవాణ్ణి వెంటబెట్టుకొని ఉద్గీరు, బీదరు మీదుగా జహీరాబాదు బయలుదేరినాను. ఆ ఎండలో బస్సు ప్రయాణం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అయితే ఒక్క సంగతి. నాందేడు నుంచి ఉద్గీరుదాకా కిటికీలోంచి నల్లనేలే కనిపిస్తుంది, నెర్రెలు విచ్చి. బీదరు చేరబోతుంటే నేల ఎర్రబడుతుంది. ఊరి గోడలు, ఇండ్లు కూడా ఆ ఎర్ర తుప్పురాయివే. ఆ రాతిని తొలిచి బహమనీ సుల్తానులనాడు భూమి అడుగున నీళ్ల సొరంగం నడిపినారు, ఇప్పటికీ సురంగబావి అంటారు. “నేల రంగు మారిందమ్మా” అని పిల్లవాడన్నాడు. అవునురా, బాగుంది అన్నాను. అంతే. ఆ మాటలోనే నా 64 మొక్కల సంగతి ఉన్నదని అప్పుడు తెలియలేదు.

జహీరాబాదు నుంచి ఝరాసంగం దగ్గర. అక్కడి కేతకీ సంగమేశ్వరుని దర్శనానికి మన నాందేడువారు పోతూనే ఉంటారు. తక్కిన చోట్ల శివునికి పనికిరాని మొగలిపువ్వు అక్కడ ఆయనకు ఇష్టం. దర్శనం చేసుకొని ఆ మండలంలోనే ఉన్న బిడకన్నె గ్రామానికి పోయినాము. అక్కడే అరణ్య సంస్థవారి క్షేత్రం. నరసన్న కొప్పుల, పద్మ కొప్పుల దంపతులు 1999లో ఆ సంస్థను స్థాపించినారు. నరసన్నగారు అంతకుముందు పస్తాపూరులోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో పనిచేసినవారు. 2017లో దేశదేశాల పర్మాకల్చర్ మనుషులు హైదరాబాదులో సభ చేసుకొని, ఆ తరువాత ఈ చిన్న ఊళ్లోనే వచ్చి కూడినారు.

వైశాఖపుటెండలో ఆహారవనమంటే పచ్చగా ఉంటుందనుకోకండి. ఎండుటాకు, కొట్టివేసిన కొమ్మలు, దుమ్ము. గాని కాలితో ఆకు తొలగిస్తే కింద మట్టి చల్లగా ఉన్నది. మా చిన్నవాడు చెప్పు విడిచి అక్కడ పాదం పెట్టి ఇక తీయనన్నాడు. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, తీసిన మట్టితో కట్ట పోసి, ఆ కట్టమీద చెట్లు నాటినారు. వాన పారిపోకుండా కందకంలో నిలిచి మెల్లగా ఇంకుతుంది. వాలు కొలవడానికి మూడు కర్రలతో నిచ్చెనకాళ్ల వంటి చట్రం కట్టి నడుమ దారంతో రాయి వేలాడదీస్తారు. రాయి నడిమి గీతమీద ఆగితే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. రెండణాల పనిముట్టు, ఇంజనీరు దుర్భిణి చేసే పని చేస్తుంది. గ్లిరిసిడియా, అవిశ వంటి చెట్లను పండ్లచెట్లకు దాదులుగా పెంచి, ఎప్పటికప్పుడు నరికి అక్కడే పరుస్తారు. పచ్చని చెట్టు నరకడమంటే నాకు చెయ్యి రాదు. అక్కడ నరికిందంతా నేలకు తిండి.

కందకాల కొలతలన్నీ రాసుకొన్నాను. మరునాడే మా చేలో తవ్వించాలన్నంత ఉత్సాహం వచ్చింది. సాయంకాలం పక్క ఊళ్లో ఒక అవ్వ చేను చూడబోయినాము. ఆ సీమలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఆడవాళ్ల సంఘాలతో పాతపంటలు నిలబెడుతున్నది. ఒకే చేలో జొన్న, కొర్ర, కంది, అలసంద, పుండి అన్నీ కలిపి విత్తుతారు. నీళ్లు పెట్టకుండానే పండే పంటలను వారు సత్యం పంటలంటారు. అవ్వ ఆ సంఘాల మనిషి. గట్టు వెంట మామిడి, సీతాఫలం పెంచింది.

చచ్చిన చెట్లు చూపించు అవ్వా, అన్నాను.

“అందరు వచ్చి పండు అడుగుతరు, నువ్వేంది బిడ్డా పీనుగులనడుగుతవ్?” అని పకపకా నవ్వింది. నా కథ చెప్పి, రిజిస్టరు విప్పి చూపినాను. ఆమెకు చదువు రాదు. కాని మొదటి ప్రశ్న ఏమడిగిందో చూడండి. “నేల నల్లదా, ఎర్రదా?”

నల్లది, రేగడి, అన్నాను.

“గుంత తీసి ఎరువు పోసి పెట్టినవా?”

పెట్టినాను. మూడడుగుల గుంతలు, పుస్తకంలో ఉన్నట్టే.

“మాదాంట్ల నీళ్లు దిగిపోతయి బిడ్డా, గుంత తీస్తె మంచిదే. మీ నల్లదాంట్ల గుంత తీస్తె కుండ లెక్కనే. వాననీళ్లు యాడికి పోవాలె? వేరు మురుగుతది. ఎప్పుడు చచ్చినయ్యో చూడు.”

చూచినాను. పిల్లవాడు చదువుతుంటే వేళ్లమీద లెక్క పెట్టినాను. చచ్చిన 53లో 34 భాద్రపద, ఆశ్వయుజాలలో పోయినవి. ఎండకు పోయినవి 19 మాత్రమే. బతికిన 11 ఏవి? అన్నీ జామ, నేరేడు, తడికి ఓర్చే జాతులు. దానిమ్మ, సీతాఫలం, బొప్పాయి ఒక్కటీ మిగలలేదు. తేదీలన్నీ నా చేతిరాతతోనే ఉన్నవి. ఇరవై ఏండ్లుగా దఫ్తరులో ఇతరుల రిజిస్టర్లలో తప్పులు పట్టే మనిషిని, నా రిజిస్టరు కూడిక వేసుకోలేదు. నీళ్లు లేక చచ్చినవని అనుకొని, వానాకాలంలో కూడా కుండలతో మోసి పోసినాను! అర్ధాపురపు పెద్దమనిషి దిబ్బ ఎందుకు పోసినారో, పిల్లవాడు నేల రంగు మారిందని ఎందుకన్నాడో, అన్నీ ఆ గట్టుమీద కూర్చుని ఒకేసారి తెలిసినవి. అవ్వ మజ్జిగ ఇచ్చింది. గొంతు దిగలేదు.

బిడకన్నె కందకాలు ఉన్నవున్నట్టు మా చేలో తవ్వి ఉంటే మిగిలిన పదకొండూ పోయేవేమో.

వచ్చేటప్పుడు అవ్వ కొంగున కట్టి కంది, అలసంద, అవిశ గింజలిచ్చింది. డబ్బు పుచ్చుకోలేదు. పండినాక తీసుకొన్నదానికి మించి తిరిగి తెచ్చి ఇవ్వాలట, అది వారి సంఘపు నియమం. అప్పు పడినట్టే.

జ్యేష్ఠంలో పని మొదలుపెట్టినాము. ఈసారి గుంతలు లేవు. మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బలు పోయించి, నడుమ సన్నని కాలువలు తీయించి, అవి పల్లపు మూలన ఒక పెద్ద గుంటలో కలిసేట్టు చేసినాము. మిగిలిన నీరు అక్కడ నిలుస్తుంది, వేళ్ల దగ్గర కాదు. దిబ్బలమీద కప్పడానికి పత్తికట్టె కావలసి వచ్చింది. మన వైపు రైతులు దానిని తగలబెడతారు గదా, అడిగితే నవ్వుతూ రెండు బండ్లు తోలినారు. మొక్కలు 24 మాత్రమే నాటినాను. ఒక్కొక్కదాని చుట్టూ అవ్వ ఇచ్చిన కంది, అవిశ. కందిచెట్టు నీడ ఇస్తుంది, ఆకు రాలుస్తుంది, పప్పు కూడా పెడుతుంది. ఇంటాయన ఆదివారాలు వచ్చి తవ్వినారు. నడుము పట్టినప్పుడు మాత్రం ఆ అవ్వ పేరు కొంచెం విసుగుతో తలచినారు.

భాద్రపదంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. దఫ్తరులో కూర్చున్నానన్న మాటేగాని మనసు నర్సీ బాటమీదే ఉన్నది. వాన తెరపి ఇచ్చిన నాడు పోయి చూస్తే కాలువలు నిండి పారుతున్నవి, దిబ్బలు నిలిచినవి. పల్లపు మూల గుంటలో కప్పలు చేరినవి.

దసరాకు అన్న వచ్చినాడు. కాగితాలు వెంట తెచ్చుకొన్నాడని వదినె ముందే ఫోనులో చెప్పింది. చేనంతా తిరిగినాడు. కంది నడుము దాటి పూతమీద ఉన్నది. బాపు నాటిన చింతకింద కూర్చుని రిజిస్టరు అడిగినాడు. ఈ ఏటి పేజీ తీసి ఇచ్చినాను: నాటినవి 24, పోయినవి 5.

“ఎండకాలం ఇంకా రాలే గదా” అన్నాడు.

రాలేదన్నాను. ఎండాకాలం గురించి నేను ఏ హామీ ఇవ్వలేను, అన్నకు అది తెలుసు.

కండ్లద్దాలు తీసి తుడుచుకొని కొంతసేపు బాట వైపు చూచినాడు. తరువాత రిజిస్టరు మూసి నా చేతికిచ్చి, “వైశాఖంల మళ్ల వస్త” అన్నాడు. కాగితాల సంచి విప్పలేదు. పోయేటప్పుడు ఆ సంచిలోనే వదినెకు అలసంద కాయలు ఒక సేరు పోసి పంపినాను. విత్తనానికి తీసిపెట్టినవి మాత్రం ముట్టనివ్వలేదు, అవి జహీరాబాదుకు పోవలసినవి.