నాన్నకి వినపడుతోంది

నాన్న ఫోన్ తీస్తే రెండే మాటలు. "ఆఁ, బావున్నావా? ఇదుగో, అమ్మకిస్తున్నా." ఏడాదిగా ఇదే తంతు. ఉద్యోగం మారేటప్పుడు తనని అడగలేదని నా మీద కోపమేమో అనుకున్నాను.

సంక్రాంతికి ఇంటికెళ్తే అసలు సంగతి తెలిసింది. ఏం చెప్పినా "ఆఁ?" అంటున్నారు. నేను గొంతు పెంచేవాణ్ణి. మూడోసారికి అది అరుపయ్యేది. ఓ రోజు భోజనాల దగ్గర కంచంలోంచి తలెత్తకుండానే, "అరవకురా. వినపడుతోంది. ఏమన్నావో తెలియట్లేదంతే" అన్నారు.

వినపడితే తెలియకపోవడమేంటి?

చెవి పరీక్ష చేయించాం. ఆడియోగ్రామ్ అని ఓ కాగితం ఇచ్చారు. అడ్డంగా పౌనఃపున్యం, 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా. నిలువుగా డెసిబెల్స్. ఎడమవైపు గీత బాగానే ఉంది. 2,000 దాటాక మెట్లు దిగినట్టు కిందికి జారిపోయింది.

తొమ్మిదో తరగతి ధ్వని పాఠం గుర్తొచ్చింది. తరంగం మధ్య స్థానం నుంచి శృంగం దాకా ఎంత ఎత్తు లేస్తుందో అది కంపన పరిమితి. సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో అది పౌనఃపున్యం. శబ్దం పెద్దదా చిన్నదా అన్నది మొదటిదాన్ని బట్టి, కీచుగా ఉందా బొంగురుగా ఉందా అన్నది రెండోదాన్ని బట్టి. ఈ రెండూ వేర్వేరు. బట్టీ పట్టి మార్కులైతే తెచ్చుకున్నాను గానీ, ఇంట్లో పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

మన మాటల్లో అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలమంతా ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. స, శ, ఫ లాంటి హల్లుల బుసబుస మాత్రం వేల హెర్ట్జ్‌ల్లో ఉంటుంది. నాన్నకి అచ్చులు చేరుతున్నాయి, హల్లులు దారిలోనే రాలిపోతున్నాయి. సగం అక్షరాలు చెరిగిపోయిన ఉత్తరం చదువుతున్నట్టన్నమాట. నేను అరిస్తే పెరిగేది కంపన పరిమితి. అదీ ఎక్కువగా అచ్చులకే. అంటే ఆయనకి ముందే వినపడుతున్నదాన్నే ఇంకా గట్టిగా వినిపిస్తున్నాను!

నాన్న ముప్పై ఏళ్లు రైసుమిల్లులో పనిచేశారు. ఏళ్ల తరబడి హోరు వినే చెవిలో ముందుగా దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కలేనట. వయసుతో వచ్చే వినికిడి లోపం కూడా పైనుంచే మొదలవుతుందట. ఆ హోరులోంచే నా ఇంజినీరింగ్ ఫీజు వచ్చింది.

ఇక ఫోన్ సంగతి. నాన్నది బటన్ ఫోన్. పాత పద్ధతి కాల్‌లో గొంతు సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే వెళ్తుంది. ఆయనకి అందే కాస్తనీ ఫోనే కోసేస్తోంది. పైగా పెదాలు కనపడవు. అర్థం కాక మళ్లీ మళ్లీ అడగడం ఇష్టంలేక అమ్మకిచ్చేస్తున్నారు. అది కోపం కాదు, మొహమాటం.

ఇప్పుడు వినికిడి యంత్రం పెట్టించాం. అది అన్నిటినీ ఒకేలా పెంచదు. కాగితం మీద గీత ఎక్కడ జారిందో అక్కడ ఎక్కువ పెంచుతుంది. కుదిరినప్పుడల్లా నేను వీడియో కాల్ చేస్తున్నాను. వాళ్లు టీవీ కట్టేస్తారు, నేను మొహం కనపడేలా కూచుని నెమ్మదిగా మాట్లాడతాను.

మొన్న ఆదివారం మధ్యలో అమ్మ ఫోన్ అడిగింది.

"ఉండవే, వాడింకా చెబుతున్నాడు" అన్నారు నాన్న.