అంగ్‌కోర్ వాట్‌కి అత్తయ్యగారితో

సంక్రాంతి సెలవుల్లో కంబోడియా వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఫోటోలు ఎప్పుడు చూపిస్తావని చుట్టాలూ స్నేహితురాళ్లూ ఒకటే అడగడం. తీసినవి వెయ్యికి పైనే. సగం మా అమ్మాయి ఫోనులో, సగం మావారి ఫోనులో ఉన్నాయి. నా ఫోనులో నలభై దాటవు. అవీ ఎక్కువగా అత్తయ్యగారివే. ఎందుకో చెప్తాను.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. అత్తయ్యగారిని తీసుకెళ్లొద్దన్నది నేనే.

ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. ఏడాదిగా మతిమరుపు. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయే రకం అయితే మనందరికీ ఉన్నదే. ఈవిడ భోంచేసి చెయ్యి కడుక్కుని వచ్చి "అన్నం పెట్టవేంటమ్మా" అంటారు. డాక్టరుగారు మందులిచ్చారు, పూర్తిగా నయమయ్యేది కాదనీ చెప్పారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మేం దేశం దాటడం ఇదే మొదటిసారి. "అంత దూరం తీసుకెళ్లినా ఆవిడకేం గుర్తుంటుందండీ? వారం రోజులు వదినగారింట్లో ఉంచుదాం" అన్నాను. మావారు కోప్పడలేదు. "గుర్తుండకపోతే పోనీ, చూస్తుంది కదా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా రెండు రోజులు మొహం ముడుచుకునే తిరిగాను.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా సియెమ్ రీప్ చేరాం. అక్కడ మొదటి పని టికెట్టు. అంగ్‌కోర్ గుళ్లన్నీ చూడటానికి ఒకే పాస్ ఉంటుంది. ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62. మేం మూడు రోజులది తీసుకున్నాం. కౌంటరు దగ్గర మనల్ని నిలబెట్టి ఫోటో తీసి, దాన్ని పాస్ మీదే అచ్చు వేసి ఇస్తారు. అత్తయ్యగారు తన పాస్ అటూ ఇటూ తిప్పి చూసి, మా అమ్మాయితో "ఈవిడెవరే, అచ్చం మా అమ్మలా ఉంది" అన్నారు. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే టుక్‌టుక్ ఎక్కాం. మన గుళ్లు ఎక్కువగా తూర్పు ముఖంగా ఉంటాయి కదా, అంగ్‌కోర్ వాట్ పడమటి ముఖంగా ఉంటుంది. అందుకే సూర్యుడు గుడి వెనక నుంచి వస్తాడు. ముందున్న కోనేట్లో ఆ శిఖరాల నీడ పడుతుంది. ఆ ఒక్క ఫోటో కోసం వందల మంది ఒడ్డున ఫోన్లు పైకెత్తి నిలబడతారు. కంబోడియా జెండా మీద ఉన్నది ఈ గుడి బొమ్మే. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణుమూర్తికి కట్టించాడు, తర్వాత బౌద్ధుల గుడి అయింది. చుట్టూ ఉన్న అగడ్త ఒక్కటే 190 మీటర్ల వెడల్పు. ఒక్క మాట, పై అంతస్తుకి వెళ్లాలంటే భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలుండాలి. చీర, చుడీదార్ అయితే ఏ గొడవా లేదు.

ఆ పై అంతస్తు మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి. మావారూ పిల్లలూ ఎక్కారు. కింద నేనూ అత్తయ్యగారూ మిగిలాం. "ఇంత దూరం వచ్చి ఇక్కడ కూడా కాపలాయేనా" అని లోపల్లోపల గొణుక్కున్నాను. ఊరికే కూర్చోలేక ఆవిడ చెయ్యి పట్టుకుని ఆగుతూ ఆగుతూ తూర్పు వైపు మంటపంలోకి నడిపించాను.

అక్కడ గోడ పొడుగునా క్షీరసాగర మథనం చెక్కి ఉంది. దాదాపు 49 మీటర్ల శిల్పం. ఒకవైపు 92 మంది రాక్షసులు, ఇంకోవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. మధ్యలో విష్ణుమూర్తి, కింద కూర్మం, పైన ఆడుతున్న అప్సరసలు. నేను బి.ఏ.లో భాగవతం అష్టమ స్కంధం చదివినదాన్నే, పరీక్ష అయ్యాక మళ్లీ పుస్తకం తెరవలేదు.

అత్తయ్యగారు టక్కున ఆగిపోయారు. "ఇడుగో వాసుకి. తల వైపు రాక్షసులు. తోక పట్టుకోవడం మాకు నామోషీ అని పంతం పట్టారు. చివరికి పాము నోట్లోంచి వచ్చిన పొగలకి వాళ్లే మాడిపోయారు" అన్నారు. ఇంక ఆపలేదు. కొండ మునిగిపోవడం, స్వామి తాబేలై మోయడం, ముందుగా హాలాహలం పుట్టడం, కామధేనువు, ఐరావతం, లక్ష్మీదేవి, కలశంతో ధన్వంతరి, చివర మోహిని. ఒక్క మెట్టు తప్పలేదు. పొద్దున టిఫిన్ తిన్నది గుర్తులేని మనిషి! కవ్వపు కొండ దగ్గర నీళ్లలో చేపలు ముక్కలు ముక్కలుగా తెగి ఉండటం నేను గమనించనేలేదు. ఆవిడే చూపించారు. "అమృతం కావాల్సింది వాళ్లకి, చచ్చింది ఇవి. పాపం కదుటమ్మా!" అన్నారు. గోడ వైపు వేలెత్తి చెప్తున్న ఆవిడని వెనక నుంచి ఒక్క ఫోటో తీశాను. మొహం కూడా పడలేదు.

కొంచెం ముందుకెళ్తే బుద్ధ విగ్రహం ముందు తెల్లబట్టల్లో, గుండుతో ఒక ముసలి సన్యాసిని కూర్చుని ఉంది. మనలాగే రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. అత్తయ్యగారూ పెట్టారు. ఆవిడ ఏవో మంత్రాలు చదువుతూ అత్తయ్యగారి మణికట్టుకి ఎర్రదారం కట్టింది. "పిల్లలెంతమందమ్మా?" అని ఈవిడ తెలుగులో అడిగారు. ఆవిడ తన భాషలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను.

తర్వాతి రోజు తా ప్రోమ్. గోడల మీద నుంచి పెద్ద పెద్ద చెట్ల వేళ్లు దిగిన గుడి, ఫోటోల్లో మీరూ చూసే ఉంటారు. 1186లో ఏడో జయవర్మ దాన్ని కట్టించాడు. అందులో ప్రజ్ఞాపారమిత విగ్రహాన్ని తన తల్లి రూపంలో ప్రతిష్ఠించాడట. గైడు ఆ సంగతి చెప్తుంటే మావారు వాళ్లమ్మకి నీళ్లసీసా మూత తీసి ఇస్తున్నారు. వదినగారింట్లో ఉంచుదామన్న నా మాట గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఇంటికొచ్చాక ఆదివారం పూట అందరం టీవీలో ఫోటోలు చూస్తూ కూర్చున్నాం. సగం అయ్యాక అత్తయ్యగారు "మీరంతా ఎప్పుడెళ్లార్రా? నన్ను తీసుకెళ్లలేదేం?" అన్నారు. చిన్నబుచ్చుకుని మరీ అన్నారు. మావారు ఆవిడ నిలబడ్డ ఫోటో చూపించి "ఇదుగో అమ్మా, నువ్వే" అన్నారు. "ఎవరో పెద్దావిడ" అన్నారు. ఆయన ఇంకేం మాట్లాడకుండా లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఎవరికేం గుర్తుంటుందని నేనన్న మాటే నిజమైంది. నిజమైనందుకు నాకు ఏడుపొచ్చింది.

నా ఫోను తెచ్చి ఆ గోడ ఫోటో ఆవిడ చేతిలో పెట్టాను. మొహం లేని ఫోటో. కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఇడుగో వాసుకి. తల వైపు రాక్షసులు..." అని మొదలుపెట్టారు. బాల్కనీలోంచి మావారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి మొత్తం విన్నారు.

ఎర్రదారం ఇప్పుడు వెలిసి గులాబీ రంగుకొచ్చింది. తలంటి పోసేటప్పుడు తీసేద్దామంటే చెయ్యి లాక్కుంటారు. "ఎవరు కట్టారు అత్తయ్యగారూ?" అంటే "ఎవరో మంచావిడ" అంటారు.

వెయ్యి ఫోటోల్లో ముప్ఫై ఏరి ఆల్బమ్‌కి ఇచ్చాను. మొదటి పేజీలో ఆవిడ పాస్ అతికించాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇప్పటికీ అడుగుతుంటారు, నన్ను తీసుకెళ్లలేదేం అని. "తీసుకెళ్లాం కదా" అని వాదించడం మానేశాను.

"రండి అత్తయ్యగారూ, ఇప్పుడెళ్దాం" అని ఆల్బమ్ తెచ్చి పక్కన కూర్చుంటాను.