బియ్యంలో రాళ్ళు... మెయిల్లో చెత్త!

బియ్యంలో రాళ్ళు ఏరడం మనకు పుట్టింటి నుంచీ అలవాటే కదండీ! మరి ఈ-మెయిల్లో రాళ్ళు ఏరడం మనలో ఎంతమందికి వచ్చు? నాకైతే రాదు. దానికి తగిన శాస్తే జరిగింది.

కిందటేడు మా అత్తగారికి రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు మెయిల్లో పంపుతామన్నారు. తెరిచి చూస్తే చీరల సేల్, అప్పులిస్తాం రమ్మనే పిలుపులు, లాటరీ తగిలిందనే శుభవార్తలు! వాటి అడుగున పడి రిపోర్టు నాలుగు రోజులు నా కంటబడలేదు. తీరా చూస్తే షుగర్ నాలుగొందలు దాటింది! దేవుడి దయవల్ల గండం గడిచింది గానీ, ఆవిడ ముఖం చూడలేకపోయాను.

ఒటావాలో ఉండే మా చెల్లెలితో ఫోన్లో చెప్పుకుని బాధపడ్డాను. "తప్పు నీదే అక్కా! ప్రతి కొట్లోనూ అడగ్గానే అడ్రసు రాసిస్తావు" అంది. ఈ జాడ్యం పాతదేనట. 1978లోనే అమెరికాలో గ్యారీ థుర్క్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి సరుకు అమ్ముకోవడానికి ఒకేసారి సుమారు 400 మందికి మెయిల్ పంపాడట!

చెల్లెలు అక్కడికెళ్ళిన కొత్తలో 'నేషనల్ కాపిటల్ ఫ్రీనెట్'లో చేరింది. 1992లో మొదలైన ఈ ఇంటర్నెట్ సంస్థ లాభాల కోసం పెట్టింది కాదు. సభ్యులే ఓటేసి బోర్డును ఎన్నుకుంటారు. మన ఊళ్ళో పాలసంఘం లాంటిదన్నమాట. అలాగని చెత్త అక్కడికి రాదని కాదు, బయటివాళ్ళు పంపేదాన్ని ఎవరాపగలరు? కాకపోతే మన అడ్రసు ఏం చేస్తున్నారని నిలదీసే హక్కు సభ్యులకుంటుంది.

మన వీధిలో అలాంటి సంఘం లేకపోతేనేం? మన ఇంటికి మనమే సంఘం! బ్యాంకుకీ, డాక్టరుకీ, బంధువులకీ ఒక అడ్రసు ఇవ్వండి. కొట్లకి వేరేది ఇవ్వండి. ముక్కూమొహం తెలియనివాళ్ళ మెయిల్‌కి జవాబివ్వకండి. అందులో 'ఇక పంపవద్దు' అనే లింకు ఉన్నా నొక్కకండి. నొక్కితే ఆ అడ్రసు వాడకంలో ఉందని వాళ్ళకి తెలిసిపోతుంది. 'స్పామ్' అని గుర్తుపెడితే చాలు, మెయిల్‌లోని జల్లెడ మెల్లగా నేర్చుకుంటుంది. వారానికోసారి స్పామ్ పెట్టెలోకీ తొంగిచూడండి. జల్లెడలోంచి మంచి గింజలూ జారిపోతుంటాయి మరి!

ఇప్పుడు రోజూ కాఫీ తాగుతూ మా అత్తగారు అడుగుతారు, "ఏరావా అమ్మాయ్?" అని. బియ్యం గురించి కాదండోయ్!