సాలూరు ఘాటీ – సెల్ఫ్ తిరిగినా స్టార్టు కాని బండి

జయపురం, కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ళకు సాలూరు ఘాటీ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. పెళ్ళిచూపులకైనా, పురిటికి ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుకోవాలన్నా, విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళాలన్నా ఆ దారే. ఒకప్పుడు అది 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26వ నంబరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చిన సంగతి మన పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. రాష్ట్రాలు వేరైనా రాకపోకలు ఆగలేదు. చాలా ఏళ్ళపాటు ఆ రాకపోకల బరువు మోసినవి అంబాసిడర్లూ, ఫియట్లూ.

మనం ఫియట్ అని పిలుచుకున్న ప్రీమియర్ పద్మిని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అంబాసిడర్ 2014లో ఆగింది. అయినా మన ఇళ్ళల్లో తండ్రి కొన్న బండి, తాతగారి బండి అంటూ కొన్ని ఇంకా షెడ్లలో ఉన్నాయి. ఈ మధ్య మా వీధిలో ఒకరు అలాంటి అంబాసిడర్‌ను పాత ఇనుము ధరకు ఇచ్చేయబోయారు. కారణం అడిగితే, ‘‘సెల్ఫ్ తిరుగుతోందండీ, స్టార్టు మాత్రం అవడం లేదు. ఇంజను పోయింది’’ అన్నారు. సాలూరు నుంచి పని మీద వచ్చిన ఒక మేస్త్రి బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ దగ్గర బొటనవేలంత ఉండే కండెన్సర్ మార్చాడు. బండి రెండో తిప్పుకే అందుకుంది. ‘‘ఇంజను పోవడం అంత సులువా బాబూ? అడిగే పద్ధతిలో అడిగితే ఏం కావాలో అదే చెబుతుంది’’ అన్నాడాయన.

ఆ అడిగే పద్ధతి ఈ దారి మీద తిరిగే ప్రతివారికీ తెలిసుంటే మంచిది. ఘాటీలో చీకటి పడ్డాక పిల్లలతో, పెద్దవాళ్ళతో బండి ఆగిపోతే కంగారుపడి బ్యాటరీ ఖాళీ చేసుకోవడమా, పది నిమిషాల్లో కారణం పట్టుకోవడమా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఇంకో విశేషం ఏమిటంటే, ఈ దారిలో బండి ఎక్కడ ఆగిందో చూస్తే, ఎందుకు ఆగిందో సగం తెలిసిపోతుంది.

ముందుగా అన్నిచోట్లా పనికొచ్చే మాట. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోందంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు తమ పని చేస్తున్నట్టే. అలాంటి బండిని నలుగురు కలిసి తోసినా లాభం లేదు, సెల్ఫ్ చేసే పనే వాళ్ళూ చేస్తారు. సెల్ఫ్ నీరసంగా మూలుగుతూ తిరిగితే సంగతి వేరు. ఉన్న కరెంటంతా అదే లాగేసుకుని ప్లగ్గులకు మిగలదు, అప్పుడు తోస్తే అందుకోవచ్చు. పెట్రోలు ఇంజనుకు కావలసినవి మూడు: సరైన క్షణంలో నిప్పురవ్వ, సరైన పాళ్ళలో పెట్రోలూ గాలీ, వాటిని గట్టిగా అదిమే కంప్రెషన్. ఈ మూడింటిలో ఏది లేదో వెతకడమే మన పని. ఒకసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు. అర నిమిషమైనా ఆగి మళ్ళీ ప్రయత్నించాలి.

ఇక దారి పట్టుకుందాం. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కొండ కింద ఊరు కాబట్టి వేసవిలో ఎండ దంచేస్తుంది. నెలల తరబడి షెడ్లో ఉన్న బండిని శుభకార్యానికని బయటికి తీసినప్పుడు ఇక్కడిదాకా వచ్చి ఆగిందంటే ముందు పెట్రోలును అనుమానించాలి. ట్యాంకు అడుగున చేరిన తుప్పు, మడ్డి కదిలి ఫిల్టరుకు అడ్డం పడతాయి. గేజి ముల్లును నమ్మి ట్యాంకు చూడనివాళ్ళూ ఉంటారు. పాత బండ్లలో ఆ ముల్లు మాట అంతగా నమ్మదగింది కాదు. ట్యాంకులో అడుగునే కాస్త ఉంటే, ఎక్కుడులో ఆ కాస్తా ఒక పక్కకు ఒరిగి గొట్టానికి గాలి తగులుతుంది. కొండ ఎక్కేముందు బంకులో పోయించుకోవడం అందుకే మంచిది.

సాలూరు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. మలుపు తర్వాత మలుపు, ముందు బరువు లారీ, మన బండి రెండో గేరులో. వేగం తక్కువ, వేడి ఎక్కువ. మధ్యలో టీ తాగుదామని ఆపి, పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే ఎంతకీ స్టార్టు కాదు. ఆపిన ఇంజనుకు గాలి తగలదు, నీళ్ళు తిరగవు. దాని వేడంతా పెట్రోలు గొట్టానికి, పంపుకు పాకి లోపలి పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ఆవిరిని తోయలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. పాత డ్రైవర్లు తడిగుడ్డ చుట్టేది ఇందుకే. ఇంజను పక్కనుండే ఆ పంపును మెకానిక్కులు ఏ.సి. పంపు అంటారు. దాని మీద, గొట్టం మీద తడిగుడ్డ వేసి, బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు ఆగితే చాలావరకు సర్దుకుంటుంది.

అయితే వేడెక్కినప్పుడు మొరాయించి, చల్లారాక స్టార్టయ్యే జబ్బు ఇంకొకటుంది. కాయిల్ గాని, కండెన్సర్ గాని వేడికి బలహీనపడితే అచ్చం ఇలాగే చేస్తాయి. రెంటికీ తేడా తెలియాలంటే బండి మొరాయిస్తున్న ఆ సమయంలోనే నిప్పురవ్వ చూడాలి. ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుముకు పావు అంగుళం దూరంలో, పొడిగా ఉన్న చెక్క క్లిప్పుతో పట్టుకుని, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. దగ్గరలో పెట్రోలు చుక్క ఉండకూడదు, ఎవరూ బీడీ వెలిగించకూడదు. నీలంగా, టిక్కుటిక్కుమంటూ రవ్వ దూకితే కరెంటు బాగున్నట్టు, అప్పుడు పెట్రోలు వైపు వెళ్ళాలి. పచ్చగా, నీరసంగా ఉన్నా, అసలు లేకపోయినా పెట్రోలు జోలికి పోనక్కరలేదు.

రవ్వ లేకపోతే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే నడిమి వైరును అలాగే పరీక్షించాలి. అక్కడ ఉండి ప్లగ్గు దగ్గర లేకపోతే దొంగ డిస్ట్రిబ్యూటర్ మూతలోనో, రోటర్‌లోనో ఉన్నాడు. అక్కడా లేకపోతే పాయింట్లు, కండెన్సర్, కాయిల్, కాయిల్‌కు వచ్చే సన్న వైర్లు చూడాలి. పాయింట్లు నల్లబడితే సన్నటి గరుకు కాగితంతో రుద్ది, అంబాసిడర్‌కైతే అంగుళంలో వెయ్యింట పదిహేనో వంతు ఎడం పెట్టాలి. పనిముట్టు లేకపోతే మందపాటి విజిటింగ్ కార్డుతో ఇల్లు చేరేదాకా నెట్టుకురావచ్చు.

పైకొస్తే సుంకి. వానాకాలంలో ఇక్కడ మంచు కమ్మితే ఎదుటి బండి దీపాలు కూడా కనబడవు. ఇక్కడ ఆగిన బండికి జబ్బు వేడి కాదు, తేమ. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల సన్నగా చెమ్మ పట్టి కరెంటు దారి తప్పుతుంది. మూత విప్పి పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచి, వైర్లు కూడా తుడిస్తే చాలు. తుడిచినా కాకపోతే మూతలో వెంట్రుకంత పగులేమైనా ఉందేమో టార్చి వేసి చూడాలి.

పొట్టంగి, సెమిలిగుడ దాటి కోరాపుట్ చేరేసరికి మనం సుమారు 2,900 అడుగుల ఎత్తున ఉంటాం. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి శిఖరం ఈ చుట్టుపక్కలదే. మార్గశిర, పుష్య మాసాల తెల్లవారుజాముల్లో ఇక్కడ బండి పేచీ పెట్టిందంటే చోక్ సంగతి చూడాలి. చోక్ లాగకపోతే చలికి పెట్రోలు చాలదు. లాగి వదిలేసినా, తొందరలో యాక్సిలరేటర్ పదేపదే తొక్కినా ప్లగ్గులు తడిసిపోతాయి. పెట్రోలు వాసన గుప్పుమంటే అదే గుర్తు. అప్పుడు చోక్ మూసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, పైకీ కిందికీ ఆడించకుండా కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. వాసనే లేకపోతే పెట్రోలు రావడం లేదన్నమాట.

రవ్వా బాగుండి, పెట్రోలూ వస్తూ, ఇంకా స్టార్టు కాకపోతే డిస్ట్రిబ్యూటర్ కదిలి టైమింగ్ తప్పిందేమో చూడాలి. ఎవరైనా ఈ మధ్య ప్లగ్గు వైర్లు విప్పి ఉంటే వాటి వరస కూడా చూసుకోవాలి. అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు ఆ వరస 1-3-4-2. సెల్ఫ్ మామూలుకంటే తేలిగ్గా, ఆగకుండా గిర్రున తిరుగుతుంటే కంప్రెషన్ పోయిందని అనుమానం. అది రోడ్డు మీద చేసే వైద్యం కాదు, బండిని కట్టి లాక్కెళ్ళడమే.

కొత్తగా వచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రం దాన్ని ఉద్దేశించి చేసినవి కావు. మెత్తబడి, పగిలి, పెట్రోలు కారితే ప్రాణానికే ముప్పు. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది గనక నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీళ్ళు చేరతాయి. గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించుకోవాలి, బండిని వారానికొకసారైనా కాస్త దూరం నడపాలి.

డిక్కీలో ఒక కండెన్సర్, ఒక జత పాయింట్లు, రోటర్, ప్లగ్గు స్పానర్, టార్చి, రెండు పొడిగుడ్డలు, ఒక నీళ్ళ డబ్బా ఉంచుకోండి. ఘాటీలో ఆగితే ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, పిల్లల్ని కొండ వైపు నిలబెట్టాకే బానెట్ ఎత్తండి. బండి అందుకున్నాక ఆ రాళ్ళు రోడ్డు మీద వదలకుండా పక్కకు తీసేయండి. వెనక మలుపు తిరిగి వచ్చే బండిలోనూ మనలాంటి కుటుంబమే ఉండవచ్చు.