మా బావ మూకీ కారు!

ముట్టుకోగానే తలుపులు తెరుచుకోవడం, దీపాలు వాటంతటవే వెలగడం, ఎవరూ లేనిచోట ఈల వినపడడం... ఇవన్నీ విఠలాచార్య గారి సినిమాల్లోనే జరుగుతాయనుకుంటున్నారా? అయితే ఒకసారి మా మోర్తాడ్ రండి. 'జగన్మోహిని' (1978) చూసి జడుసుకున్న మా అమ్మమ్మ, ముసలితనంలో ఆ వింతలన్నీ మా ఇంటి షెడ్డులోనే చూసింది. అంతా మా బావ కొన్న కారు మహిమ!

దుబాయిలో పదేళ్ళు చెమటోడ్చి వచ్చిన బావ హైబ్రిడ్ కారు కొన్నాడు. పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. ద్విపాత్రాభినయం అన్నమాట! 1997లో జపాన్‌లో టయోటా వాళ్ళు 'ప్రియస్' పేరుతో ఈ రకం కారును జనంలోకి తెచ్చారు. మన దేశంలో 2022లో ఇలాంటివి ఒకదాని వెనక ఒకటి వచ్చేసరికి, మా పసుపు చేల పక్క రోడ్డు మీదికీ దిగాయి.

మొదటి వింత తాళం. బావ చెయ్యి వేస్తే తలుపు తెరుచుకుంటుంది, నేను వేస్తే ఉలకదు, పలకదు. "ఏంరా కొడుకా, గీ బండికి మనుషులు గుర్తుంటరా?" అంది అమ్మమ్మ. మనుషులు కాదు, జేబులో ఉన్న తాళం గుర్తు. కారు "ఎవరది?" అని రేడియో తరంగంతో అడుగుతుంది, చేతికందే దూరంలో ఉన్న తాళం "నేనే" అని బదులిస్తుంది. ఆ తాళం అమ్మమ్మ కొంగున ముడేసి తలుపు పట్టుకోమన్నాను. టక్కున తెరుచుకుంది! ఆ రోజంతా అమ్మమ్మ మొహంలో వెలుగు చూడాలి!

రెండోది స్టార్టింగు. బ్రేకు తొక్కి మీట నొక్కితే చప్పుడుండదు, మీటరు బోర్డు మీద 'రెడీ' అని పచ్చ అక్షరాలు వెలుగుతాయి, అంతే. చప్పుడు రాలేదని పక్కింటి లారీ డ్రైవరన్న మళ్ళీ నొక్కేవాడు. ఉన్నది కాస్తా ఆరిపోయేది! మన సినిమాకి 1932లో 'భక్త ప్రహ్లాద'తో మాటలొచ్చాయి గానీ, ఈ కారు ఇంకా మూకీయే అని నవ్వుకునేవాళ్ళం.

అలాగని ఎప్పుడూ మూగది కాదు. ఆర్మూరు బజారులో జనం అడ్డొచ్చి ఆగితే, ఉన్నట్టుండి ఇంజను దానంతటదే లేస్తుంది. బ్యాటరీలో చార్జి తగ్గినా, ఏసీ గట్టిగా నడిచినా అంతే. పని కాగానే పడుకుంటుంది. బ్రేకు తొక్కితే సన్నగా ఊళ వేస్తుంది. చక్రాల ఊపుతోనే కరెంటు తయారుచేసి దాచుకుంటుందన్నమాట.

ఇక తాళం తెచ్చిన తంటా వినండి. ఒకసారి నిజామాబాద్ స్టేషన్ దగ్గర బావ జేబులో తాళంతోనే దిగి రైలెక్కాడు. కారు కీచుకీచుమని మొత్తుకుంది. అయినా నడుస్తున్న బండిని తాళం లేదని నడిదారిలో ఆపదు కదా! అక్క హాయిగా ఇంటికొచ్చి ఆపింది. మళ్ళీ స్టార్ట్ చేద్దామంటే కదలదు. బావ తిరిగొచ్చేదాకా రెండు రోజులు బండికి విశ్రాంతి!

ఇన్ని వింతలు చూశాక ఇంట్లో అందరికీ ఒక మాట అలవాటైంది: "దానికది మామూలే." అసలు ప్రమాదం ఆ మాటలోనే ఉంది మిత్రులారా!

ఒక చలికాలపు రాత్రి బావ కారు షెడ్డులో పెట్టి దిగాడు. చప్పుడు లేదు కాబట్టి ఆగిందనుకున్నాడు. అది కీచుమంది. మామూలేలే అని షెడ్డు తలుపు మూసి వెళ్ళి పడుకున్నాడు. పన్నెండు దాటాక ఫోన్లో సినిమా చూస్తున్న నాకు గోడవతల ఇంజను గుర్రుమనడం వినిపించింది. ఆ గోడకు ఇవతల అమ్మమ్మ మంచం. మధ్యలో కిటికీ!

పరుగెత్తి షెడ్డు తలుపులు బార్లా తీశాను. లోపల 'రెడీ' దీపం వెలుగుతూనే ఉంది. బావని లేపి బండి ఆపించి, అమ్మమ్మని బయట అరుగు మీదికి తెచ్చాం. "గింత చలిల బయటికి గుంజుకొస్తిరి, ఏమైంది బిడ్డా?" అంటూ తిట్టింది. ఆ తిట్లు విని బావ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. తాళం తిప్పే పని లేని కార్లు ఆగాయనుకుని ఇంటి గ్యారేజీల్లో వదిలేయడం వల్ల, అమెరికాలో 2006 నుంచి రెండు డజన్ల మందికి పైగా చనిపోయారని 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది. కొన్ని మోడళ్ళలో కొంతసేపటికి తనంతట తానే ఆగే ఏర్పాటుంది. అన్నిటిలో లేదు.

కాబట్టి కొత్త కారు మోజులో ఉన్న కుర్రకారుకి నా మాట ఒక్కటే. ఇంజను లేవడం, పడుకోవడం, ఊళ వేయడం, ఇవి మామూలే, భయపడకండి. మీరు దిగేటప్పుడు అది కీచుమంటే మాత్రం మామూలు కాదు, మిమ్మల్నే పిలుస్తోంది. చెవిని నమ్మకండి, కంటిని నమ్మండి. మీటరు బోర్డు పూర్తిగా చీకటైతేనే బండి ఆగినట్టు.

మా ఇంట్లో ఆ డ్యూటీ ఇప్పుడు అమ్మమ్మది. రోజూ రాత్రి బావ లోపలికి రాగానే మంచం మీంచే అడుగుతుంది: "దీపం ఆరిందా, అల్లుడా?"